గోడ దాటిన బంతి

రంగూన్‌లోని అహ్లోన్ రేవులో పనిచేసిన తెలుగు కూలీల మనవడు ఎలీజా బేస్‌బాల్ బ్యాటు పట్టాడంటే బంతి మైదానం గోడ దాటాల్సిందే. ఇంకో ఊళ్లో పుట్టుంటే మెడలో దండలు పడేవి. రంగూన్‌లో ఆ బంతులు దొరకవు కనక, పోగొట్టినవాడే వెతికి తేవాలని జట్టులో కట్టుబాటు. "ఏటిరా, మెల్లగా కొట్టి చావలేవా?" అని కోచ్ ఎడ్విన్ రాజు ఏళ్ల తరబడి తిట్టిపోశాడు.

సైనిక ప్రభుత్వం బలవంతంగా పటాలంలోకి పట్టుకుపోతుందన్న భయంతో జట్టు కుర్రాళ్లు ఒక్కొక్కరే సరిహద్దు దాటేశారు. ఎలీజా, బంతి విసిరే హెరాల్డ్ మాత్రం మిగిలారు. ఆ సాయంత్రం కూడా ఎలీజా కసిదీరా బాదాడు. గోడవతల తుప్పల్లో చాలాసేపు వెతికి, బంతితో తిరిగొచ్చేసరికి కోచ్ ఒక్కడే నేలమీద కూలబడి ఉన్నాడు.

"పటాలం లారీ వచ్చిందిరా. హెరాల్డ్‌ని ఎక్కించేసినారు. ముసలోణ్ణని నన్నొగ్గేసినారు."

బంతి గోడ దాటించినందుకు కోచ్ ఈసారి తిట్టలేదు. ఎలీజా అలవాటుకొద్దీ బంతిని చొక్కాకి తుడిచాడు. విసిరేవాడే లేడు.