అందరూ పలికితేనే గోడ పగిలేది

మా బాత్రూమ్ తలుపు ఇరుకు. ఇల్లు కొన్నప్పుడు ఆ సంగతి మాకు తట్టనే లేదు. మా ఆయనకు పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, ఆ కుర్చీ తలుపులో పట్టదని. మంచి పొడగరి, హైస్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పిన మనిషి. ఆయన్ని ఎత్తి లోపలికి తీసుకుపోవడం నావల్ల ఎక్కడవుతుంది? వంటింటి వెనక బట్టలు ఉతికే చోట దుప్పటి అడ్డం కట్టి, అక్కడే స్నానం చేయించేదాన్ని. పక్కింటి కిటికీలు సరిగ్గా అటే ఉంటాయి. నీళ్లు పోస్తున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకునే ఉండేవారు. సబ్బు పడుతుందని కాబోలు అనుకున్నాను మొదట్లో. సిగ్గుతో అని తెలిశాక నాకు ఆ నీళ్ల చెంబు పట్టుకోవాలంటేనే ఏడుపొచ్చేది.

తలుపు వెడల్పు చేయాలంటే గోడ కొంత పగలగొట్టాలి. ఇంజినీరును పిలిపించి చూపించాను. అది బరువు మోసే గోడ కాదు, ఒట్టి అడ్డుగోడ, భయం లేదన్నాడు. మేస్త్రీ దొరికాడు. ఇక మిగిలింది అపార్ట్‌మెంట్ వాళ్ల ఒప్పుదల. అదొక పనా అనుకున్నాను.

మాది కొత్తగూడెంలో ఊరి చివర, అడవి వైపు ఉన్న అపార్ట్‌మెంట్. బొగ్గుబాయిల్లో, అంటే గనుల్లో, కలిసి పనిచేసి రిటైరైన వాళ్లు కొందరు జాగా కొని కట్టించుకున్నది. మేం తర్వాత వచ్చినవాళ్లం. నాది కల్లూరు, ఉద్యోగం టీచరు, బొగ్గుబాయి లోపల ఎలా ఉంటుందో బొమ్మల్లో తప్ప చూడలేదు. మా ప్రెసిడెంటు ఒకప్పుడు బాయిలో సర్దార్. అంటే కింద పనిచేసే గుంపు క్షేమం చూసుకునే మనిషి. పైకొచ్చి ఎన్నేళ్లయినా ఆయన ఇంకా డ్యూటీ దిగలేదని నేను ఎగతాళి చేసేదాన్ని. లిఫ్ట్ ఎక్కేముందు కూడా కప్పు గట్టిగా ఉందో లేదోనని ఒకసారి తలెత్తి పైకి చూస్తాడు మరి.

ఈ అపార్ట్‌మెంట్‌లో గోడకు సుత్తి తగలాలంటే ఒక పద్ధతి ఉంది. అందరూ కింద పార్కింగ్‌లో చేరతారు. ప్రెసిడెంటు ఒక్కో ఇంటిని పిలుస్తాడు. ఆ ఇంటివాళ్లు గట్టిగా "అవ్" అని పలకాలి. చెయ్యెత్తితే చెల్లదు, తల ఊపితే చెల్లదు. బాయిలో బొగ్గు రాల్చడానికి మందు పేల్చేముందు నాలుగు వైపులా దారులకు మనుషుల్ని కాపలా నిలబెట్టేవాళ్లట. ఒక్కొక్కరూ అక్కడినుంచి కేకేసి జవాబు చెప్పాలట. ఒక్క జవాబు రాకపోయినా పేల్చేది లేదు. ఆ అలవాటునే ఇక్కడికీ తెచ్చుకున్నారు. చదువుకున్నదాన్ని కదా, వినగానే నవ్వాను.

మా వంతు వచ్చిన రోజు ప్రెసిడెంటు పిలుస్తుంటే పార్కింగ్ అంతా "అవ్, అవ్" అని మోగింది. నా కడుపు నిండిపోయింది. సరిగ్గా మా కింది ఇంటిని పిలిచినప్పుడు జవాబు లేదు. ఆ ఇంట్లో ఉండేది ఒక్క ఆవిడే. భర్త బాయిలోనే పోయాడని విన్నాను. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతూ, ఎదురైతే "బాగున్నవా టీచరమ్మా" అని నవ్వే మనిషి. ప్రెసిడెంటు మళ్లీ పిలిచాడు. ఆవిడ తల వంచుకుని కూర్చుంది.

"జవాబు రాలే. పని ఆగాలె" అన్నాడాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంతమంది ఒప్పుకున్నారు కదన్నా. ఒక్కరి కోసం ఆపేస్తారా?"

"ఒక్కరి కోసమే ఆగుతం అమ్మా. ఇయ్యాల నీకు కోపమొస్తది, ఏం జేస్త?"

వచ్చింది. మామూలుగా కాదు. ఆ కోపంతోనే ఆవిడ వెనకాలే ఇంటిదాకా పోయాను. మనసులో మాటలన్నీ పదునుపెట్టుకుని మరీ పోయాను. ఆవిడ నన్ను కూర్చోమని, మంచినీళ్లిచ్చి, తనే ముందు మాట్లాడింది.

"నాకు నోరు రాలే టీచరమ్మా. సారును జూస్తే కాదనబుద్ధి కాదు. నెత్తి మీద సుత్తె సప్పుడు తల్సుకుంటే అవ్ అనబుద్ధి కాదు. మా ఆయన మీద బాయి కప్పు కూలింది గద. పైన కుర్చీ జరిగినా నా పానం గిలగిల కొట్టుకుంటది."

"పని జరిగినన్నాళ్లు మీ అమ్మాయి దగ్గరికి పోయి రండక్కా, నేనే కారు మాట్లాడతాను" అన్నాను. నాకు అది మంచి ఉపాయంగానే తోచింది.

ఆవిడ గోడమీద యేసుప్రభువు పటం వైపు చూసింది. "ఆయన పోయిననాడు నేను మా అమ్మగారింట్ల ఉన్న. కబురొచ్చేటాలకు అంతా అయిపోయింది. అప్పట్నుంచి చర్చికి తప్ప ఇల్లిడిసి యాడికి పోను. ఇండ్ల ఉండలేను, ఇడిసిపోలేను. గిట్లయింది నా బతుకు. ఏం జెయ్యమంటవో నువ్వే జెప్పు."

పదునుపెట్టిన మాటలన్నీ మింగేసి ఇంటికొచ్చాను. ఇక జన్మంతా ఆ దుప్పటి వెనకే అని ఖాయం చేసుకుని, జరిగిందంతా మా ఆయనకు చెప్పాను. పక్షవాతం తర్వాత ఆయనకు మిగిలినవి కొద్దిపాటి మాటలే. బాగున్న చేత్తో నేల వైపు చూపించి "కింద" అన్నారు. అర్థం కాలేదు. తన గుండెమీద చెయ్యి పెట్టుకుని మళ్లీ "కింద... కూచుంటా" అన్నారు.

పైన మన గోడ పగులుతుంటే తాను కింద ఆవిడ దగ్గర కూర్చుంటానంటున్నారు. లేచి పరుగెత్తలేని మనిషి! భయం లేదని ఇంజినీరు చెప్పాడు, నిజమే. కానీ భయపడే మనిషి పక్కన ఉండాలని ఇంజినీరుకూ తోచలేదు, నాకూ తోచలేదు. పెళ్లయి ఇన్నేళ్లకు ఆయన్ని కొత్తగా చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు ఆయన్ని లిఫ్ట్‌లో కిందికి తీసుకుపోయాను. ఆయన ఆవిడ గుమ్మంలోనే కుర్చీ ఆపించి, ఆ రెండు మాటలే చెప్పారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ప్రెసిడెంటును పిలిపించి, ఆయన ఎదుట గట్టిగా "అవ్" అంది.

పని మొదలైన రోజు నేను సెలవు పెట్టి, ఆయన్ని ఆవిడ హాల్లో కూర్చోబెట్టేసరికి తలుపు దగ్గర ప్రెసిడెంటు నిలబడి ఉన్నాడు. "కప్పు కింద మనిషిని ఒంటిగ ఇడిసిపెట్టుడు మాకు అలవాటు లేదమ్మా" అంటూ లోపలికొచ్చి గోడవారగా కూర్చున్నాడు. ఆయన వెనకాల ఒక్కొక్కరే మిగతా ఇళ్లవాళ్లు. ఎవరూ కబురు పెట్టలేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు, ఆడవాళ్లు చాప పరిచారు, ఎవరో ఫ్లాస్కుతో టీ తెచ్చారు. జీవితమంతా కప్పు కింద భయంతో పనిచేసి బయటపడ్డ మనుషులు, పిలవకుండానే వచ్చి మళ్లీ ఒక కప్పు కింద కూర్చున్నారు. వీళ్ల పద్ధతిని చూసి నేను నవ్విన నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

పైన మొదటి దెబ్బ పడింది. ఆవిడ జపమాల పట్టుకుని బిగుసుకుపోయింది. మా ఆయన పైకి చూసి "మాదే" అన్నారు. ఇంకో దెబ్బ. "మాదే." ప్రతి దెబ్బకూ అదే మాట, విసుగు లేకుండా, బడిలో పిల్లలకు డ్రిల్లు చెప్పినంత ఓపికగా. ఆ చప్పుడు బాయిది కాదు, మా ఇంటిదే అని. మధ్యాహ్నానికి ఆవిడ బిగిసిన భుజాలు కొంచెం దిగాయి. సాయంత్రం ఒక పెద్ద పెళ్ల పడ్డప్పుడు హాలంతా ఉలిక్కిపడింది. ఆయనకంటే ముందు ఆవిడే "సారోల్లదే" అంది. చాప మీదున్న ఆడవాళ్లు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. అంత వింత నేను ఇంకెక్కడా చూడలేదు, చూస్తానని కూడా అనుకోను.

కొత్త తలుపు బిగించి, సిమెంటు ఆరాక, గోడకు పట్టుకునే కడ్డీలు కూడా పెట్టించాం. ఆయన కుర్చీ తనే తోసుకుంటూ లోపలికి పోయారు. అలవాటుకొద్దీ చెంబు తీసుకుని వెనకే పోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, తలుపు నా మొహం మీదే వేసుకున్నారు. లోపల గడియ పడింది. నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పడిపోతారేమోనని నేను తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. ఎంతకీ రారే! ఉండబట్టలేక తలుపు తట్టాను.

"పో" అని లోపలినుంచి గట్టిగా కసురుకున్నారు.

చెంబు పట్టుకుని వంటింట్లోకి వచ్చాను.