అత్తయ్య చెప్పిన కచేరీలు

చెన్నైలో మా అమ్మాయి ఇంటికి వచ్చి నెల కావస్తోంది. నిన్న సాయంత్రం అది ఫోను చూస్తూ, "అమ్మా, ఈ వారం మన పక్క వీధి హాల్లో వీణ కచేరీ ఉందట. నీకు నచ్చుతుందని చెబుతోంది" అంది. ఎవరు చెబుతున్నారని అడిగాను. ఫోనేనట. నేను అందులో వినే పాటల్ని గమనించి, నా అభిరుచి ఇదని తేల్చుకుని, ఎండాకాలం కచేరీల్లో ఏది వినాలో చెబుతుందట. సరేనన్నాను గాని, పాపం ఆ ఫోను ఒక్కసారైనా పందిట్లో కూర్చుని, దోమల చేత కుట్టించుకుంటూ, పాడేవాళ్ళ మొహం చూసి ఉంటుందా అని సందేహం కలిగింది. మా రోజుల్లో ఈ ఉద్యోగం మా మేనత్తది. జీతం లేదు. వరండాలో పాత చెక్క బల్ల ఒకటి, దాని మీద తమలపాకుల పళ్ళెం, అంతే ఆఫీసు.

అప్పట్లో నేను అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లో తెలుగు టీచర్ని. చెన్నై, వైజాగులు ఓడ ఎక్కితేగాని కనబడని ఊళ్ళు కాబట్టి, మాకు మహానగరమంటే పోర్ట్ బ్లెయిరే. బడికి వేసవి సెలవలు ఇవ్వగానే జెట్టీలో బోటెక్కి, దారంతా వాంతులు చేసుకుంటూ, పోర్ట్ బ్లెయిర్ శివారు బ్రూక్షాబాద్‌లో అత్తయ్య ఇంట్లో వాలిపోయేదాన్ని. వానలు మొదలయ్యేలోపే అక్కడివాళ్ళు పాటల సరదా అంతా తీర్చుకోవాలి. ఒకసారి వాన పట్టుకుందంటే పందిళ్ళ మాట మరి నెలల తరబడి ఎత్తడానికి లేదు. అందుకని ఆ కొద్ది రోజుల్లోనే బెంగాలీల కీర్తనలు, తమిళుల నాదస్వరం, అడవి పనులకొచ్చిన రాంచీవాళ్ళ డోళ్ళు, కవ్వాలీలు, మైదానంలో సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, ఓడ సమయానికొస్తే మన వైపు నుంచి హరికథ, అన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి. ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడికి వెళ్ళకూడదో తెలియక జనం అత్తయ్య వరండాకి వచ్చేవారు. విజయనగరంలో ఆవిడ పుట్టింటి గోడకి ఆనుకునే ఒక భాగవతార్ గారి ఇల్లు ఉండేదట. నేర్చుకున్నదేమీ లేదు, గోడ ఇవతల అంట్లు తోముకుంటూ విన్నదే. పెళ్ళయి దీవికొచ్చాక అన్ని భాషల పాటలకీ ఆ చెవులే వాడింది.

"దీదీ, ఇస్ హఫ్తే క్యా సున్నా హై?" అని, ఈ వారం ఏం వినాలో చెప్పమని పక్కింటి బెంగాలీ ఆవిడ గేటు దగ్గర నుంచే కేకవేసేది. అత్తయ్య ఆవిడకి హిందీలో చెప్పి, అదే తీర్పు వరండాలో ఉన్న మాకు తెలుగులో వినిపించేది. "శనివారం ఆర్కెస్ట్రా బేకార్. గిటారు గుంటడు బాగానే వాయిస్తాడు, పాడే మనిషికే ఊపిరి సాలదు. ఆదివారం కీర్తన మాత్రం ఒదలొద్దు. ముందు వరసలో కూకోకండి, ఆ ఖోల్ మద్దెల దెబ్బకి గుండె జారిపోతాది." ఆవిడ మాట పట్టుకుని వెళ్ళినవాళ్ళెవరూ తిట్టుకుంటూ తిరిగిరాలేదు. ఆ మధ్య నుంచి ఆవిడ వాడే మాటలు మాత్రం కొంచెం వింతగా మారాయి. "ఆ పిల్ల గొంతు పచ్చి చెక్క, ఇంకా ఆరాల" అనేది. "ఆయన పాటకి పాలిష్ ఎక్కువ, లోపల పురుగు తినీసింది" అనేది. పెద్దవాళ్ళయ్యాక మాట ఇలా పదునెక్కుతుంది కాబోలని నేను మురిసిపోయేదాన్ని.

మామయ్య సంగతి చెప్పాలి. ఆయన చెక్కల మిల్లులో పనిచేసేవాడు. అడవి నుంచి వచ్చిన దుంగల్ని చూసి, తట్టి, ఏది ఏ రకమో తేల్చడం ఆయన పని. రోజంతా రంపాల హోరులో ఉండి వచ్చేవాడేమో, ఏ కచేరీకి తీసుకెళ్ళినా మొదటి పాట అయ్యేలోపు గడ్డం గుండెకి ఆనించి నిద్రపోయేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం. అలాంటి మనిషి రెండు వేసవుల నుంచీ నిద్రపోవడం మానేశాడు. నిటారుగా కూర్చుని, నుదురు ముడివేసి వినేవాడు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళిద్దరూ మాకంటే వెనకగా, తల దగ్గర తల పెట్టి మాట్లాడుకుంటూ నడిచేవారు. ఈ వయసులో ఈ ముచ్చటేమిటని మళ్ళీ నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు శ్రీకాకుళం వైపు నుంచి హరికథ చెప్పే ఒక దాసుగారు ఓడ దిగారు. తెలుగువాళ్ళ కమిటీ సముద్రం పక్క మైదానంలో పందిరి వేయించింది. అత్తయ్య ఊరందరికీ ఈ కథ వినమని చెప్పింది. మొదటి సాయంత్రం బాగా జరిగింది. రెండో సాయంత్రం కథ మంచి పట్టుమీద ఉండగా మైకు ఒక్కసారిగా కీచుమని అరిచింది. పళ్ళు జిల్లుమన్నాయి. పందిరంతా చెవులు మూసుకుంది, దాసుగారే రెండడుగులు వెనక్కి వేశారు. నేను పక్కకి చూశాను. అత్తయ్య చిరునవ్వుతో, ఏమీ జరగనట్టు తలాడిస్తోంది.

అవతలి పక్క నుంచి మామయ్య ఆవిడ మణికట్టు మీద వేళ్ళతో తట్టాడు. ఆవిడ ఉలిక్కిపడి, చుట్టూ చూసి, గబుక్కున రెండు చెవులూ మూసుకుంది. కాని అప్పటికే మైకు సర్దుకుంది. అందరూ చేతులు దించేశారు. దాసుగారు గొంతెత్తి పద్యం అందుకున్నారు. అంత పందిట్లో ఆయన పద్యానికి చెవులు మూసుకున్న మనిషి మా అత్తయ్య ఒక్కతే. ఈవిడ మాట మీదే జనం వస్తారని కమిటీవాళ్ళు ఆయనకి ముందే చెప్పి ఉన్నారు. చిడతలు ఆగిపోయాయి.

"ఏమ్మా, నా పాట అంత కటువుగా ఉందా?" అన్నారు దాసుగారు.

జనం తలలన్నీ ఇటు తిరిగాయి. అత్తయ్యకి ఆ ప్రశ్న వినపడలేదు. అందరూ తననెందుకు చూస్తున్నారో తెలియక, చెవుల మీద చేతులు తియ్యాలో ఉంచాలో తెలియక, మామయ్య మొహంలోకి చూసింది. పెళ్ళిపందిట్లో కూడా నలుగురి ముందు నోరు విప్పని మామయ్య లేచి నిలబడ్డాడు. "మీ పాట కాదు బాబూ, ఆ మైకే. మీది పడౌక్ లాంటి గొంతు. ఎర్రటి చెక్క, లోపలంతా గట్టి. దానికి రంగెందుకండి? మైకు తీసీసి పాడండి" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు, పచ్చి చెక్క, పురుగు తిన్న పాలిష్ ఎక్కడి నుంచి వస్తున్నాయో.

దాసుగారు పెద్దగా నవ్వారు. మైకు ఆపించేసి, గజ్జెలు ఘల్లుమంటుండగా వేదిక దిగి, మా వరస ముందుకొచ్చి ఇసకలో నిలబడ్డారు. కథలో అది దేవుడికి మొర పెట్టుకునే ఘట్టం. సముద్రపు గాలికి ఎదురుగా, ఒట్టి గొంతుతో పాడారు. అత్తయ్య చూపు ఆయన నోటి మీద నుంచి కదల్లేదు. ఆవిడ వేళ్ళు చీర కుచ్చిళ్ళ మీద తాళం వేశాయి. ఒక్క దెబ్బా తప్పలేదు. తిరిగొచ్చే దారిలో ఊరంతా ఒకటే మాట: "దీదీ చెవులు మూసుకుని ఆయన చేత మైకు తీయించీసింది, కమాల్!" ఆవిడ ప్రతిష్ఠ ఆ సాయంత్రంతో ఇంకో మెట్టు ఎక్కింది.

మర్నాడు పొద్దున్న పెరట్లో చేపలు బాగుచేస్తూ అత్తయ్య తనే నా వైపు తిరిగింది. "సూసీసినావు కదే. కుడి సెవి పూర్తిగా పోనాది. ఎడమది సగం ఉంది." మరి అందరికీ చెప్పేయొచ్చు కదా అన్నాను, మొహానికి ఎదురుగా వెళ్ళి, గట్టిగా. ఆవిడ పొలుసు గీకడం ఆపింది. "సెప్పీస్తే ఇంకెవురూ అడగరు. మీ మామయ్యే అన్నాడు, పాట నాను ఇంతాను, నువ్వు సెప్పు అని. మొదట్లో మూడు రోజులు నిద్దరాపుకోడానికి సీమమిరపకాయ నోట్లో ఎట్టుకున్నాడు, పిచ్చోడు." నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, చేతికి పొలుసులున్నాయని గుర్తొచ్చి మళ్ళీ నవ్వింది. నిన్నటి పాట వినపడిందా అని అడిగాను. "సగం ఇనపడింది. మిగతా సగం నాకు తెల్సు" అంది.

తర్వాత కొన్ని వేసవులకి రెండో చెవీ పోయింది. ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది, ఎవరూ తెలిసినట్టు కనబడలేదు. వరండాకి రావడం మానలేదు. కచేరీకి వెళ్ళొచ్చినవాళ్ళు ఆవిడకి ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా నిదానంగా, ఎవరు ఎలా పాడారో, చప్పట్లు ఎక్కడ పడ్డాయో చెప్పేవారు. బెంగాలీ ఆవిడ చేతులతో తాళం వేసి మరీ చూపించేది. అన్నీ విని, అంటే చూసి, అత్తయ్య వచ్చేవారం మాట చెప్పేది. మామయ్య పక్కన కూర్చుని అవునన్నట్టు తలూపేవాడు. బదిలీ మీద కొత్తగా దీవికొచ్చినవాళ్ళు ఆవిడకి వినపడదంటే నమ్మేవారు కాదు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. నాకూ ఈ మధ్య టీవీ శబ్దం పెంచితేగాని సరిగా తెలియడం లేదు, అమ్మాయి విసుక్కుంటోంది. ఆదివారం వీణ కచేరీకి దాన్ని కూడా రమ్మన్నాను, కాస్త వినపడే చెవి అటే కాబట్టి నా ఎడమ పక్కన కూర్చోమన్నాను. కాలం మన దగ్గర్నుంచి దేన్నీ ఒక్కసారిగా లాక్కుపోదు. కొంచెం కొంచెంగా తీసుకుంటూ, ఈలోగా పక్కన ఎవరున్నారో చూసుకునే వ్యవధి ఇస్తుంది.