మూడు గేట్లు, ఒక్క చీటీ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో కంప్యూటర్ నెట్‌వర్క్ చూసేవాణ్ణి. ఆ రోజు డైరెక్టర్ ప్రసంగం మూడు భవనాల్లోని కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి వెళ్లాలి. ముందుగా పంపి చూస్తే మా భవనంలో బొమ్మ చక్కగా వచ్చింది. మిగతా రెండింటిలో తెరలు నల్లగానే ఉన్నాయి. వైర్లు మార్చాను, రౌటర్లు ఆపి మళ్లీ వేశాను. ఏమీ అంతుపట్టలేదు. అరగంటే మిగిలింది.

కొత్త కేబుల్ చుట్ట భుజాన వేసుకుని పక్క భవనానికి పరుగెత్తితే రెండో గేటు దగ్గర వాచ్‌మన్ మల్లయ్య ఆపాడు.

"సామాను చీటీ ఏది సార్?"

"మొదటి గేట్ల ఇచ్చిన గద మల్లన్నా!"

"గేటుకొక చీటీ తీసుకుంటం సార్. ఒక్కటే తెస్తే ఆడనే ఖతమ్. ఇగ ముందుకెట్ల వోతరు?"

చుట్ట అక్కడే దించేశాను. నెట్‌వర్క్‌లో సమాచారాన్ని ముక్కలుగా పంపే ప్రతి ప్యాకెట్‌కూ ఆయుష్షుగా ఒక అంకె పెడతాం. దాటే ప్రతి రౌటరూ అందులో ఒకటి తగ్గిస్తుంది; సున్నా అయితే ఆ ప్యాకెట్ అక్కడితో సరి. నేను పెట్టింది ఒకటే!

వెనక్కి పరుగెత్తి దాన్ని పది చేశాను. కంపెనీ దాటి బయటికి పోకుండా చివరి రౌటర్‌లో హద్దు పెట్టాను. అన్ని తెరలూ వెలిగాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

సాయంత్రం మల్లయ్య అడిగాడు. "పెద్దసారు ఏం జెప్పిండు సార్? మా గేటు కాడికైతే ఏం రాలే."

అన్ని గేట్లూ దాటిన ఆ ప్రసంగం, గేటు కాసే మనిషి దగ్గర మాత్రం ఆగలేదు.