ఫిల్ నిపుల్ మీద సిందూరం బొట్టు

2023, విశ్వకర్మ పూజ మర్నాడు. ఖరగ్‌పూర్‌లో ఆ పండక్కి రైల్వే వర్క్‌షాపు నుంచి సైకిల్ రిపేరు కొట్టు దాకా ప్రతి పనిముట్టుకూ స్నానం, బొట్టు, దండ ఉంటాయి. మలంచా రోడ్డు మీద నా కొట్టులో ప్రెజర్ గేజిల మీద వేసిన బంతిపూలు ఇంకా వాడలేదు. కంప్రెసర్లు, రెగ్యులేటర్లు, గేజిలు బాగుచేయడం నా వృత్తి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మాన్యువల్ చదివి, విప్పి చూసి, లెక్క కట్టి తెలుసుకున్నదే. పెయింట్‌బాల్ మార్కర్లు నా బల్ల మీదికి వచ్చింది మాత్రం జ్యోతి వల్ల.

జ్యోతి ప్రేమ్ బజార్ దాటాక కొంత స్థలం లీజుకు తీసుకుని పెయింట్‌బాల్ మైదానం నడుపుతుంది. రంగు గోళీలు పేల్చే తుపాకీ లాంటి దాన్ని ఆ ఆటలో మార్కర్ అంటారు. దానికి తగిలించే చిన్న ట్యాంకులోని గాలే గోళీని తోస్తుంది. విద్యార్థులకు అద్దెకిచ్చేవి మామూలు రకం. తను పోటీల్లో ఆడడానికి ఖరీదైన ఎలక్ట్రానిక్ మార్కర్ కొనాలనుకున్నప్పుడు నా సలహా అడిగింది. ఎంత వేగంగా కొడుతుందో చూడొద్దని, ఆ ధరలో అన్నీ వేగంగానే కొడతాయని చెప్పాను. లోపలి బోల్టు శుభ్రం చేయడానికి ఎంత సులువుగా బయటికి వస్తుందో చూడమన్నాను. వరసగా కొట్టినప్పుడు క్రోనోగ్రాఫ్, అంటే గోళీ వేగం కొలిచే యంత్రం, చూపే అంకెలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడమన్నాను. ఆమె ఎంచుకున్నది సెకనుకు 280 అడుగుల దగ్గర పెడితే మూడు నాలుగు అడుగులకు మించి అటూ ఇటూ కదిలేది కాదు.

ఆ రోజు కదిలింది. కాసేపు కొట్టకుండా ఉంచాక మొదటి గోళీ 305 చూపిస్తోందని, ఆ తర్వాతవి మళ్ళీ 280కి వస్తున్నాయని చెప్పి నా బల్ల మీద పెట్టింది. అలా జరిగితే గాలి ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్‌లో సీటు, అంటే గాలిని ఆపే చిన్న సీలు, పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం. విప్పాను. సీటు చుట్టూ ఎర్రటి మురికి. పగిలిన గోళీ రంగేమో అనుకున్నాను. ఆ రంగు నీళ్ళతో పోతుంది, ఇది పోలేదు. వాసన చూస్తే ఆవనూనె.

"ఇదేటమ్మా?" అన్నాను.

జ్యోతి నవ్వింది. "నిన్న పూజ కదా అన్నయ్యా. నాన్న సిందూరం నూనెలో కలిపి అన్నిటికీ బొట్లెట్టినాడు. దీనికి ట్యాంకు తగిలించే కాడ ఎట్టినాడు."

"ట్యాంకులకి?"

"వాటికీను. నింపే మూతి కాడ. బిర్రుగా ఉందని తలో సుక్క నూనె కూడా ఏసినాడు."

చేతిలో పాన బల్ల మీద పెట్టేశాను. మార్కర్ లోపలికి వచ్చేసరికి గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు పది కిలోలు. అక్కడ నూనె పడితే సీళ్ళు చెడతాయి, మార్చుకుంటాం. ట్యాంకు సంగతి వేరు. దాన్ని మూడు వందల కిలోలకు నింపుతారు. రైలు బ్రేకు పైపులో ఉండేది అయిదు. ఫిల్ నిపుల్ అనే ఆ చిన్న మూతిలోంచి అంత ఒత్తిడి గాలి ఒక్కసారిగా దూసుకెళితే అది నలిగి వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్లో నిప్పు లేకుండానే డీజిలు అంటుకునేది ఆ వేడికే. నిపుల్‌లో నూనె ఉంటే అంటుకోవడానికి అదే చాలు.

ట్యాంకులు ఎక్కడున్నాయని అడిగాను. మైదానంలో ఉన్నాయని, మధ్యాహ్నం బ్యాచి కోసం నాన్న నింపుతున్నాడని చెప్పింది. ఎందుకు అడిగానో రెండు ముక్కల్లో చెప్పేసరికి ఆమె ముఖంలో నవ్వు పోయింది. ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. కంప్రెసర్ చప్పుడులో ఆయనకు వినపడదంది.

నా స్కూటర్ మీద బయల్దేరాం. జ్యోతి వెనక కూర్చుని మళ్ళీ మళ్ళీ ఫోను చేస్తూనే ఉంది. ముందు టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, వరసకట్టి కదలడం లేదు. ఆమె తండ్రి అప్పారావు గారు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నిదానస్తుడు, వాల్వు మెల్లగానే తిప్పుతారు అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ నింపే గొట్టం దగ్గరి వాల్వు కూడా బిర్రుగా ఉంటే మెల్లగా తిరగదు. ఒక్కసారిగా వదులవుతుంది. ఆ లెక్క ఎటు నుంచి కట్టినా నాకు నచ్చిన జవాబు రాలేదు.

మైదానం గేటు దగ్గర జ్యోతి పరుగు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. రేకుల షెడ్డులో అప్పారావు గారు వంగి ఉన్నారు. పెద్ద సిలిండర్ నుంచి వచ్చే గొట్టం ట్యాంకుకు తగిలించి ఉంది. కుడి చెయ్యి వాల్వు మీద ఉంది. వెనక నుంచి దగ్గరికెళ్ళి కేక వేస్తే ఉలిక్కిపడి తిప్పేస్తారేమోనని నా భయం. చుట్టూ తిరిగి ఆయన కళ్ళకు ఎదురుగా, దూరంగా నిలబడి, రెండు చేతులూ నిటారుగా తలపైకి ఎత్తాను. ఎర్రజెండా దగ్గర లేనప్పుడు బండి ఆపడానికి రైల్వే వాళ్ళు చూపే సైగ అది. మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆయన తలెత్తి చూశారు. ఎందుకని అడక్కుండానే చెయ్యి తీసేశారు.

కంప్రెసర్ ఆపాక విషయం చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. పొద్దున ఒక ట్యాంకు నింపానని, ఏమీ కాలేదని అన్నారు. జ్యోతి అందుకుంది. "నూనె ఎయ్యొద్దని ఎన్నిసార్లు సెప్పినాను నాన్నా?"

"మార్కర్లో ఎయ్యొద్దన్నావు. ట్యాంకుకి ఎయ్యొద్దని ఎప్పుడు సెప్పినావు? ఇనుముకి నూనె సూపించకుండా పూజేటే?"

"బాబాయ్, గ్యాస్ కటింగ్ కాడ ఆక్సిజన్ సిలిండర్ వాల్వుకి ఎప్పుడైనా నూనె రాసినారా?" అన్నాను.

"ఎవుడు రాస్తాడు? సచ్చిపోడానికా? అది ఆక్సిజను. ఇది ఉత్త గాలి బాబూ."

"ఉత్త గాలిలో అయిదో వంతు ఆక్సిజనే. మూడొందల కిలోల్లో అయిదో వంతెంత?"

"అరవై," అన్నారు. ఆ మాట అని, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. కాసేపు తన అరచేయి ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నారు.

పెద్ద సిలిండర్ మూసి, గొట్టంలో గాలి కొద్దికొద్దిగా వదిలాను. పొద్దున నింపిన ట్యాంకును చాలా మెల్లగా ఖాళీ చేశాను. నూనె తగిలిన ట్యాంకులు, గొట్టం అన్నీ పక్కన పెట్టించాను. గుడ్డతో తుడిచి మళ్ళీ వాడదామన్న మాట ఒప్పుకోలేదు. నూనె ఎంత లోపలికి దిగిందో బయటినుంచి చూసి చెప్పలేం. అవి కలకత్తాలో ట్యాంకులు పరీక్షించే చోటికి వెళ్ళాయి. ఆ మధ్యాహ్నం వచ్చిన విద్యార్థులు గొణుక్కుంటూ తిరిగిపోయారు. మార్కర్‌కు సీటు, ఓ-రింగులు, అంటే గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు, కొత్తవి వేసి, దానికి చెప్పిన గ్రీజే రాశాను. నా కొట్టులోని ట్యాంకు తగిలించి చూస్తే క్రోనోగ్రాఫ్ మళ్ళీ 280 దగ్గర నిలిచింది.

అది పేలుండేదా అని అప్పారావు గారు తర్వాత అడిగారు. చెప్పలేనన్నాను. చాలాసార్లు ఏమీ కాదు. నూనె ఎంత ఉంది, వాల్వు ఎంత వేగంగా తెరుచుకుంది, ఎన్నో కలిసిరావాలి. పొద్దున ట్యాంకుతో ఏమీ కాలేదు కాబట్టే ఆయన రెండోదానికి ధైర్యంగా చెయ్యి వేశారు. ఈ కేసు గుర్తొచ్చినప్పుడల్లా నన్ను భయపెట్టేది అదే.

అప్పటి నుంచి మార్కర్‌ను ఆడేవాళ్ళ చేతికి ఇచ్చి ఊరుకోవడం లేదు. ట్యాంకు నింపే మనిషిని కూడా కొట్టుకు పిలుస్తాను. గాలి అని ఊరుకోకుండా ఎన్ని కిలోల గాలో చెబుతాను, నూనె ఎందుకు తగలకూడదో చెబుతాను. కొందరు వింటారు, కొందరు ఫోను చూసుకుంటారు. అలాంటి వాళ్ళకు మీరొకసారి చెప్పండని అప్పారావు గారిని అడిగాను.

"మా వర్క్‌షాపులో కొత్తోళ్ళకి సెప్పడానికి ఒక మేస్త్రీ ఉండేవోడు. రెండు వేళ్ళు లేవు. ఆ సెయ్యి ఎత్తితే సాలు, అందరూ ఇనేవోరు," అన్నారాయన. తన కుడి చెయ్యి చాపి ఒకసారి చూసుకున్నారు. "నాకు అయిదూ ఉన్నాయి. ఏటి సూపించి సెప్పను?"