అత్తమ్మ ఎత్తని చెయ్యి

మా మేనత్త పోయిందన్న మాట నాకు ఫోన్లో చెప్పింది మా నాయిన. ఆమెతో ఏళ్ళ తరబడి మాట్లాడని మా నాయిన. "చెల్లె పోయిందే" అన్నాడు, అంతే. సూరారంలోని మా ఇంటి నుంచి శామీర్‌పేట అవతలున్న మా ఊరికి వెళ్తున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో ఉంది. ఆయన నోట "చెల్లె" అన్న మాట విని ఎంత కాలమైందో.

అత్తమ్మను ఉన్న ఊళ్ళోనే ఇచ్చారు. ఆమె ఇల్లూ మా పుట్టిల్లూ ఒకే వాడలో. పెద్ద రోడ్డు నుంచి ఆ వాడలోకి రావాలంటే మా ముత్తాతలు కట్టించిన రాతి కమాను కింద నుంచే రావాలి. ఎండన పడి వచ్చినప్పుడల్లా అత్తమ్మ అక్కడ కాసేపు ఆగి, గోడకు అరచెయ్యి ఆనించి, "ఎంత సల్లగున్నదో సూడు బిడ్డ" అనేది.

ఊరు మున్సిపాలిటీలో కలిసి, మా వార్డు రిజర్వేషన్‌లో ఆడవాళ్ళకు వచ్చినప్పుడు ఆమెను ఎన్నికల్లో నిలబెట్టింది నాయినే. ఇంటింటికీ తిరిగి గెలిపించాడు. ఆమె సంతకం పెడితే చాలు, మిగతాదంతా తను చూసుకోవచ్చనుకున్నాడు. అత్తమ్మ మాత్రం కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని, ప్రతి కాగితాన్నీ వేలు పెట్టి చదివేది. "సదవని కాయితం మీద సంతకం పెట్టుడంటే సూడని బాయిల దుంకుడే" అనేది.

కమాను కూలగొట్టి ఆ జాగాలో దుకాణాలు కట్టాలని నాయిన అర్జీ పెట్టాడు. పాత కట్టడాల జాబితాలో ఉంది గనక మున్సిపాలిటీ సభ ఒప్పుకోవాలి. అందరూ చేతులెత్తారు. అత్తమ్మ ఎత్తలేదు. "ఇంట్ల అయితే మా అన్న మాట దాటను. గీడ నేను చెల్లెను గాను, వార్డు కౌన్సిలర్‌ను" అందట. ఆ వార్డు మనిషే వద్దన్నాక మిగతావాళ్ళూ చేతులు దించారు. అనుమతి రాలేదు.

ఆ సాయంత్రం నాయిన ఆమె గడప ముందు నిలబడి అరిచాడు. "నీకు ఓట్లేసింది గా కమానా?"

"ఎండకు దాని కింద నిలవడ్డోళ్ళు ఏసిండ్రన్నా" అంది అత్తమ్మ.

రాఖీ పండుగకు ఆమె పళ్ళెం పట్టుకుని వచ్చింది. నాయిన వెనక దర్వాజా నుంచి పొలానికి వెళ్ళిపోయాడు. అమ్మ ఇచ్చిన చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ మెల్లగా తాగింది. వెళ్తూ నాతో, "మీ నాయినకు బీపీ గోలి యాది జెయ్యి" అంది. ఆ తరువాత కూడా ప్రతి ఏడూ వచ్చింది, ప్రతి ఏడూ అట్లాగే తిరిగి వెళ్ళింది. ఎదిరించిన వాళ్ళ గడపే తొక్కడం మానని మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ఇంతటితో అయిపోతే, ఆమె గెలిచిందని రాసి ఊరుకునేదాన్ని.

కమాను నిలిచింది గానీ దాన్ని బాగుచేసే దిక్కు లేకపోయింది. పగుళ్ళు పూడ్చాలన్నా పై నుంచి అనుమతి రావాలి. అత్తమ్మ పదవిలో ఉండగా అడిగింది, దిగిపోయాకా ఆఫీసుల చుట్టూ తిరిగింది. "కూలగొట్టుడే అల్కగుండె బిడ్డ, నిలవెట్టుడే కష్టమున్నది" అనేది.

ఒక ముసురు రోజు కమాను రాయి ఊడిపడింది. వానకు తడవకుండా దాని కింద కూర్చుని మక్క కంకులు కాల్చి అమ్ముతున్న ఒక అవ్వ కాలు నలిగిపోయింది. "కూలగొట్టనిస్తే గిట్లయ్యేదా?" అని ఊరంతా అంది. అత్తమ్మ అవ్వను దవాఖాన నుంచి నేరుగా తన ఇంటికే తెచ్చుకుంది. కట్టు విప్పేదాకా వండిపెట్టింది, చెయ్యి పట్టుకుని నడిపించింది. అవ్వ ఆమెను ఒక్క మాటా అనలేదు. "రాయి నువ్వు ఏసినవా అమ్మా?" అనేదట. ఆ మాటే అత్తమ్మను ఎక్కువగా కుంగదీసిందనుకుంటాను.

ఒకసారి నేను వెళ్ళినప్పుడు బియ్యం ఏరుతూ అడిగింది. "ఆనాడు నేను సెయ్యెత్తితే గామె కాలు మంచిగుండేది గద బిడ్డ?"

"నువ్వు బాగుజెయ్యమని అడిగినవు గదా అత్తమ్మా?"

"నేను అడిగింది నాకెరుక. నాకు గా కాలే కనవడ్తాంది."



మరమ్మతుకు అనుమతి వచ్చేసరికి ఆమె మంచం పట్టింది. మేస్త్రీలు సున్నం నూరే చప్పుడు ఆమె గదిలోకి వినిపించేది. చూడడానికి ఎవరు వెళ్ళినా "ఇయ్యాల ఎంతదాంక వచ్చింది?" అని అడిగేది. పని సగంలో ఉండగానే పోయింది.

ఆ రోజు మేస్త్రీలు ఎవరూ చెప్పకుండానే పని ఆపి, కట్టిన కర్రలు విప్పి దారి ఇచ్చారు. కమాను ఒక పక్క కొత్త సున్నంతో తెల్లగా, ఇంకో పక్క నల్లగా ఉంది. అవ్వ కర్ర ఊతంగా వచ్చి, కమానుకు ఎడంగా రోడ్డు మీద నిలబడింది. పాడె ముందు కొమ్ము నాయిన భుజం మీద ఉంది. నిండుగా గడ్డి వేసిన బండ్లు పోయేటంత ఎత్తు ఆ కమాను. అయినా దాని కింద అడుగు పెడుతూనే నాయిన తల వంచాడు. అవతలికి వచ్చాక కూడా ఎత్తలేదు.