న్యాల్‌కల్ బావిలో రాతి నత్తలు

1983 ఎండాకాలం. జహీరాబాద్‌లో నేను జియాలజిస్టును. రాళ్లను చూసి నీళ్ల ఆచూకీ చెప్పే ఉద్యోగం. ఆడమనిషి బావిలోకి దిగుతుందా అని నవ్వినవాళ్లకే నిచ్చెన పట్టుకునే పని అప్పజెప్పేదాన్ని.

న్యాల్‌కల్ దగ్గర బక్కన్న అనే రైతుకు బావి చోటు చూపించాను. నల్లరాయి దాటాక తెల్లటి పొర తగిలింది. దాన్నిండా రాయైపోయిన నత్తలు. నత్తలుంటే నీళ్లున్నట్టేనని, కిందికి తవ్వడం మాని, ఆ పొర వెంట అడ్డంగా తొలుచుకుంటూ పోయాడు. నేను వెళ్లేసరికి మనిషి కనిపించడు, గడ్డపార చప్పుడే వినిపిస్తోంది. నెత్తిమీద పగుళ్ల నల్లరాయి, కింద ఏ ఆధారమూ లేదు.

"పొద్దటిసంది మొత్తుకుంటున్న మేడమ్, ఇంటలేడు" అంది గట్టుమీద అతని భార్య శివమ్మ.

దిగి అరిచాను. "బక్కన్నా, బయటికి రా! రాయి కూలితే నిన్ను తీసేటోడు లేడు!"

"నత్తలున్న కాడ నీళ్లుండయా మేడమ్?" లోపలి నుంచే జవాబు.

"ఉండె. కోట్ల ఏండ్ల కింద!"

అప్పట్లో ఇక్కడ లావా, అంటే కరిగిన రాయి, పారి గడ్డకట్టింది. దానిమీద చెరువు నిలిచింది. చచ్చిన నత్తలు బురదలో కూరుకుపోయాయి. నీటిలో కరిగిన ఖనిజం గుల్లల్లోకి ఇంకి, మెల్లగా వాటిని రాయిగా మార్చింది. అదే ఫాసిల్. తర్వాత ఇంకో లావా వచ్చి అంతా కప్పేసింది.

ఇదంతా అరిచి చెబితే, "మా చెర్ల గివే ఉన్నయ్ గద!" అన్నాడు. పైనుంచి ఒక పెళ్ల రాలింది.

చేలో తోలిన చెరువు మట్టిలోంచి నత్తగుల్ల ఒకటి ఏరి పడేయమన్నాను శివమ్మను. అది కిందపడగానే బక్కన్నతో అన్నాను: "గివేనా? ఆ రాతి నత్తను పట్టుకొని వెలుగులకొచ్చి రెండూ పక్కపక్కన చూడు. కొన పైకి పట్టు. నోరు ఏ దిక్కుంది?"

పంతానికి బయటికొచ్చాడు. తిప్పి తిప్పి చూశాడు. "మనది కుడికుంది. గిది ఎడమకు."

"మన నత్త కాదది. ఆ జాతి ఈడ లేకుంట పోయింది. జీవాలు మారుతయ్, కొన్ని మాయమైతయ్. ఏవి పోయినయో, ఏవి వచ్చినయో చెప్పేది ఈ పొరలే. చచ్చిన చెర్వు నీళ్లు తాగుతవా?"

"మరి నీళ్లేడున్నయ్ మేడమ్?" అడిగింది శివమ్మ.

"ఇంకా కింద పాత లావా పైభాగం బొక్కల రాయి. ఆ బొక్కలల్ల నీళ్లు ఉండొచ్చు."

"ఉండొచ్చా? ఉన్నయా?"

"తవ్వితేనే తెలుస్తది" అన్నాను.

ఆ వారంలోనే ఆ తొర్ర కూలింది. లోపల ఎవరూ లేరు. ఆ రాళ్లు ఎత్తిపోసి కిందికి తవ్వితే నీళ్లు ఊరాయి. ఎడ్లకు, ఇంటికి చాలేటన్నే.

అప్పటి నుంచి చోటు చూపించిన ప్రతి రైతుకూ తవ్వకముందే చెప్పాను: నత్తలు కనిపిస్తే సంబరపడకండి, ముందు నెత్తిమీది రాయి చూసుకోండి.