బావగారి అద్దం

మా బావగారు కాకినాడ ఆసుపత్రిలో పోయేరని వీధిచివర ఎస్టీడీ బూతుకి ఫోనొచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదండీ, కోపం వచ్చింది. పోయిన మనిషి మీద కోపమేమిటంటారా, చెబుతాను.

ఆయన విశాఖపట్నంలో నోటి కేన్సరు మీద పరిశోధన చేసేవారు. హేమ్‌స్టర్లని, అంటే బుగ్గల్లో సంచులుండే ఎలకల్ని, పెంచేవారు. (మన ఎలకలకి ఆ సంచులు లేవు గాని, ఉండుంటే మండపేట మిల్లులకి ధాన్యం మిగిలేదా!) వాటి బుగ్గలో ఓ రసాయనం పూస్తూ పోతే ముందు తెల్లమచ్చ వస్తుందిట, కొన్నాళ్ళకి అదే కంతి అవుతుందిట. "మచ్చ దగ్గరే పట్టుకోవాలోయ్" అనేవారు. ఆయన్ని ఆ పనిలోకి తోసింది వాళ్ళమ్మగారి చావు. ఆవిడ అడ్డచుట్ట కాల్చేవారు, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండుతో పోయేరు.

రిటైరై అమలాపురం వచ్చేక మా వీధిలో చుట్టలు కాల్చే వాళ్ళందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి టార్చి వేసి చూసేవారు.

"ఏమోయ్ బావమరిదీ, అంతేనా? గోదారి దాటించే పంటు పట్టేంత తెరు నోరు!"

నాచేత చుట్ట మాన్పించింది ఆయనే.

ఆయనకి గుబురు గడ్డం. అయినా పెరట్లో నీళ్ళపొయ్యి పక్కన గోడకి చిన్న గుండ్రటద్దం తగిలించుకున్నారు.

"గడ్డం గీసుకోరు, మీకు అద్దమెందుకండీ?" అనేది అక్కయ్య.

"అందం చూసుకోవద్దుటే?"

మొన్నామధ్య మాట ముద్దగా వస్తోందని కాకినాడ తీసుకెళ్ళేం. అంగిట్లో కంతి చూసి, "ఇది ఏళ్ళనాటిదండీ. ఏం కాల్చేవారు?" అన్నాడు డాక్టరు.

"అడ్డచుట్ట" అన్నారు బావగారు.

పొద్దున్నే నీళ్ళు తనే కాస్తానని కూర్చునేది ఇందుకన్నమాట. వాసన పొయ్యి పొగలో కలిసిపోయేది. నిప్పు నోట్లో ఉంటే ఎవరికి కనబడుతుంది?

"మచ్చ ఎప్పుడు చూసుకున్నారండీ?" అన్నాను.

"రోజూ చూసుకునేవాణ్ణోయ్, అద్దంలో."

"మరి మాకు చెప్పొద్దా?"

"ఎలకలకి నేను చెప్పేనా?"

అక్కయ్య లేచి వరండాలోకి వెళ్ళిపోయింది.

ఇవాళ నా నోరు శుభ్రంగా ఉందంటే ఆయన చలవే, ఆయ్, కాదనను. కాని నెలనెలా నా నోరు తెరిపించిన మనిషి, తన నోరు ఒక్కసారి నాకు చూపిస్తే బతికేవారేమో. అదే మింగుడు పడటంలేదు.

పెద్దకర్మ అయ్యేక, "ఆ అద్దం తీసెయ్యరా" అంది అక్కయ్య. తీసేను. మసిబారిన గోడ మీద, అద్దం ఉన్నంత మేరా, సున్నం గుండ్రంగా తెల్లమచ్చలా మిగిలిపోయింది. అక్కయ్య కొంగుతో తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.